మడిలో బెకబెకలు ఏమైనాయి?

తొలకరి పడి మూడు రోజులయింది. కృష్ణా డెల్టాలో కాల్వ చివరి భూములున్న ఒక ఊరికి మేము వెళ్ళింది నిజానికి కప్పల కోసం కాదు. పూడిక తీయని కాల్వలు, చివరి మడికి చేరని నీళ్ళు, వీటి సంగతి రాసుకుందామని వెళ్ళాం. రాత్రి భోజనాలయినాక రెండెకరాలు కౌలుకు చేసే ఒక రైతు ఇంటి అరుగు మీద కూర్చున్నాం. కాల్వ సంగతులన్నీ చెప్పటం అయినాక ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఉన్నట్టుండి అడిగాడు:

"ఏవండీ, మీరు పేపరోళ్ళు గదా! వాన పడి మూడు రాత్రులయింది. మీకేమన్నా వినపడతందా?"

చెవులు రిక్కించి విన్నాం. దూరాన ట్రాన్స్‌ఫార్మరు గుయ్యిమంటోంది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఎవరింట్లోనో టీవీ మోగుతోంది.

"అదే నేననేది. కప్పేదండీ? మా చిన్నప్పుడు తొలకరి పడితే ఆ రాత్రి నిద్దర లేదు. మా నాయన పడుకునేవాడు కాదు. బోదురు కప్ప గొంతు విని, ఇక నారుమడి దున్నుకోవచ్చురా అనేవాడు. ఇప్పుడు సెల్‌ఫోను చూసి దున్నుకుంటన్నాం."

కాల్వల సంగతి మరో వారం తప్పకుండా రాస్తాం. ఆ రైతు ప్రశ్న మాత్రం మమ్మల్ని వదల్లేదు. కప్ప ఎందుకు అరుస్తుంది, ఎవరి కోసం అరుస్తుంది, ఆ అరుపు ఆగిపోవటానికి ఎవరెవరు కారణం అన్నది తెలుసుకోవటానికి ఈ వారమంతా పుస్తకాలూ, పరిశోధన వ్యాసాలూ తిరగేశాం, మళ్ళీ ఆ ఊరికీ వెళ్ళాం. రైతుకు ఇదంతా ఎందుకు అనేవాళ్ళు వుండొచ్చు. మడిలో కూలి అడక్కుండా రాత్రంతా పురుగుల్ని ఏరి తినే జీవి గురించి రైతుల పేజీలో కాక ఇంకెక్కడ రాయాలి?

మొదట ఒక అపోహ సంగతి. కప్పలు అరిస్తే వాన వస్తుందని మనవాళ్ళ నమ్మకం. తెలంగాణలో వానలు వెనకబడితే పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి అంటూ ఇంటింటికీ తిరగటం, ఆడవాళ్ళు ఆ కప్ప మీద నీళ్ళు పోయటం మన పాఠకుల్లో చాలామంది చూసిందే. కొన్నిచోట్ల కప్పలకు పెళ్ళే చేస్తారు. ఋగ్వేదం ఏడో మండలంలో 103వ సూక్తం మొత్తం కప్పల మీదే వుంది. తొలివానకు లేచిన కప్పల గొంతులు ఒక్కొక్కటి ఒక్కో రకమని, ఆవులా ఒకటి, మేకలా ఒకటి అని ఆనాడే గమనించారు. కార్యకారణాలు తారుమారయ్యాయే గాని గమనించటంలో పొరపాటు లేదు. వాన కప్పను పిలుస్తుంది, కప్ప వానను పిలవదు. నేలలో తడి, గాలిలో చెమ్మ, నిండిన గుంట, ఇవి అమరినప్పుడు కప్పకు పెళ్ళి ముహూర్తం. మనం దానికి విడిగా పెళ్ళి చేయనక్కర్లేదు, అది పెళ్ళి పనిమీదే వుంది.

అరిచేది మగకప్ప. కొన్ని జాతుల్లో ఆడది కూడా మెల్లగా జవాబు చెబుతుంది గాని, మన మడుల్లో రాత్రంతా మోగే కచేరీ మగవాటిదే. ఆ అరుపులో రెండు కబుర్లుంటాయి. ఆడకప్పకు "నేనిక్కడున్నాను, నేను నీ జాతివాణ్ణే, రా" అని. పక్కనున్న మగకప్పకు "ఇది నా చోటు, దూరంగా వుండు" అని.

ఈ రెండు కబుర్లనీ విడదీసి చూపినది అమెరికా ఏలుబడిలో వున్న ప్యూర్టో రికో దీవిలోని ఒక చిన్న కప్ప. దాని అరుపు "కో-క్వీ" అని రెండు ముక్కలుగా వుంటుంది, అందుకే దాని పేరూ కోక్వీయే. పీటర్ నారిన్స్, రాబర్ట్ కాప్రానికా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ అరుపును టేపు మీదకెక్కించి, ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ విడిగా వినిపించి చూశారు. 1976లో వాళ్ళు చెప్పినదేమంటే, "కో" అన్నది మగవాళ్ళకు హెచ్చరిక, "క్వీ" అన్నది ఆడవాళ్ళకు ఆహ్వానం. ఒకే నోట రెండు మాటలు, ఎవరి మాట వాళ్ళకే. ఆడకప్ప చెవి "క్వీ"కీ, మగకప్ప చెవి "కో"కీ ఎక్కువ స్పందిస్తాయట!

తిత్తి, గొంతు, చెవి

అరిచేటప్పుడు కప్ప నోరు తెరవదు. ఇది మాకూ కొత్త విషయమే. నోరూ ముక్కూ మూసుకుని, పొట్ట కండరాలతో ఊపిరితిత్తుల్ని నొక్కుతుంది. గాలి గొంతులోని పొరల మధ్యనుంచి దూసుకొచ్చి, గొంతు కింది సంచిలోకి పోతుంది. సంచి బుడగలా ఉబ్బుతుంది. ఆ గాలే మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి వెనక్కి పోతుంది. కమ్మరి కొలిమితిత్తి గుర్తుకొస్తుంది గాని, కమ్మరి తిత్తి గాలిని బయటికి వదిలేస్తుంది. కప్ప మాత్రం వున్న గాలినే తిప్పి తిప్పి వాడుకుంటుంది. ఉబ్బిన సంచి పలచటి చర్మం డప్పు చర్మంలా శబ్దాన్ని నలుదిక్కులకూ చిమ్ముతుంది. అందుకే బొటనవేలంత లేని కప్ప కూడా పొలం అవతలికి వినిపిస్తుంది.

ఇది ఊరికే వచ్చే పని కాదు. కొన్ని చెట్టుకప్పలు అరిచేటప్పుడు, ఊరికే కూర్చున్నప్పటికంటే పది రెట్లకు మించి ప్రాణవాయువును ఖర్చు చేస్తాయని కొలిచి చెప్పారు. రాత్రంతా, గంటకు వందల సార్లు. వేసవంతా మట్టిలో దాక్కుని తిండిలేకుండా వున్న జీవి, బయటికి రాగానే దాచుకున్న కొవ్వునంతా గొంతుకే పెడుతుంది. ఒళ్ళు బాగున్న కప్పే ఎక్కువసేపు అరవగలదు.

ఇక వినటం. కప్పకు చెవిదొప్ప లేదు. కంటి వెనకాల బిళ్ళలా కనిపించేదే కర్ణభేరి. రెండు చెవులూ నోటిలోపలి నుంచి ఒకదానితో ఒకటి కలిసి వుంటాయి. ఒకవైపు నుంచి వచ్చిన శబ్దం భేరిని బయటినుంచీ లోపలినుంచీ కూడా తాకుతుంది. ఆ తేడాతోనే అంత చిన్న తల గల జీవి అరుపు ఏ దిక్కునుంచి వస్తోందో పోల్చుకోగలుగుతోంది. లోపలి చెవిలో బొంగురు శబ్దాలకొకటి, సన్నటి శబ్దాలకొకటి వేర్వేరు భాగాలున్నాయి. చాలా జాతుల్లో ఆ భాగాలు తమ జాతి మగవాడి గొంతు శ్రుతికి తగ్గట్టే వుంటాయి. ఒక చెరువు గట్టున నాలుగైదు రకాల కప్పలు ఒకేసారి అరుస్తున్నా ఆడకప్ప తడబడకుండా తనవాడి దగ్గరికే పోవటం వెనక రహస్యం ఇదే. పెద్ద ఊరేగింపులో నాలుగు సంఘాలవాళ్ళు నాలుగు నినాదాలు ఇస్తున్నా మన సంఘం నినాదం మన చెవిన పడినట్టు.

మన మడుల్లో ఎన్ని గొంతులున్నాయో చెప్పటానికి శాస్త్రం చదవక్కర్లేదు. దువ్వెన పళ్ళ మీద గోరు గీసినట్టు వినిపించేది మట్టిరంగు చిన్నకప్ప; మనిషి బొటనవేలి కణుపంత వుండదు. కర్రమీద కర్రతో కొట్టినట్టు టకటకమనేది చెట్టుకప్ప, స్నానాల గదిలో గోడకు అంటుకుని వుండేది అదే. నీటి పైన ఆకులకు నురగగూడు కట్టి అందులో గుడ్లు పెడుతుంది. ఆగకుండా కుర్‌ర్‌ర్‌మని సాగేది గరుకు చర్మపు కప్ప. చెరువులో నీటిమీద తేలుతూ అరిచేది, రాయి వేస్తే నీటిమీదే గెంతుకుంటూ పోయేది మరొకటి. వీటన్నిటి మీదా దూడ అరిచినట్టు గంభీరంగా వినిపించేది బోదురు కప్ప.

బోదురు కప్ప సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన రైతుకు ఎక్కువ పని చేసి పెట్టింది అదే, ఎక్కువ దెబ్బ తిన్నదీ అదే. మామూలు రోజుల్లో బురదరంగులో వుంటుంది. తొలి పెద్దవాన పడగానే మగకప్ప ఒళ్ళంతా పసుపు పూసినట్టు పచ్చగా మారిపోతుంది. గొంతు కింద రెండువైపులా రెండు నీలం సంచులు. లోతు లేని వాననీటి గుంటలో గుంపులుగా చేరి పగలూ రాత్రీ అరుస్తాయి, ఒకదాన్నొకటి తోసుకుంటాయి, కుస్తీలు పడతాయి. ఇదంతా కొద్ది రోజుల సంబరమే. గుడ్లు పెట్టటం అయిపోతే గుంపు చెదిరిపోతుంది, పసుపు రంగు వెలిసిపోతుంది. ఒక్కో ఆడకప్ప వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కొన్ని జాతులు నెలల తరబడి రోజూ అరుస్తూ వుంటాయి. ఇది మాత్రం తొలివాన మీదే ఏడాది సేద్యమంతా పెట్టే మెట్టరైతు లాంటిది. ఆ నాలుగు రోజులూ తప్పితే ఆ ఏడు తప్పినట్టే.

కప్పల్లోనూ దళారీలు

అరుపు గురించి చదువుతుంటే ఒకచోట మాకు నవ్వొచ్చింది. చాలా జాతుల్లో కొన్ని మగకప్పలు అసలు అరవవు. గట్టిగా అరిచే కప్ప పక్కన గప్‌చుప్‌గా చతికిలబడి వుంటాయి. ఆ గొంతు విని ఆడకప్ప వచ్చేసరికి మధ్యలో అడ్డం పడి పట్టుకుంటాయి. చెమటోడ్చి అరిచినవాడొకడు, ఫలితం మరొకడికి. మార్కెట్ యార్డులో మన రైతులు ఏటా చూసే దృశ్యమే ఇది. అయితే కప్పల దళారీని మరీ తిట్టటానికీ లేదు. ఎక్కువగా అవి చిన్నవి, గొంతు లేనివి, అరవటానికి ఒంట్లో శక్తి చాలనివి.

ఇంకో అరుపు కూడా వుంది. గందరగోళంలో ఒక మగకప్ప మరో మగకప్పను పట్టుకున్నప్పుడు, పట్టుబడినది "వదులు, నేను మగవాణ్ణి" అన్నట్టు పొట్టిగా, తొందర తొందరగా ఒక అరుపు అరుస్తుంది. పట్టినది వెంటనే వదిలేస్తుంది. కోర్టుకి పోవలసిన పని లేదు.

గొంతెత్తినందుకు ప్రమాదం కూడా వుంది. ఆడకప్పకు వినిపించే అరుపు శత్రువుకూ వినిపిస్తుంది. పనామా దేశంలో, కాల్వ తవ్వినప్పుడు ఏర్పడిన సరస్సు మధ్యన బారో కొలరాడో అనే దీవి వుంది. అక్కడ తుంగర అనే చిన్నకప్ప వుంది. దాని అరుపు మొదట సన్నగా మూలిగినట్టు సాగి, చివర "చక్" మని ఒకటి రెండు ముక్తాయింపులతో ముగుస్తుంది. ఒంటరిగా వుంటే మూలుగుతో సరిపెట్టుకుంటుంది. పోటీ పెరిగితేనే "చక్"లు చేరుస్తుంది. మైకేల్ రయాన్ అనే శాస్త్రజ్ఞుడు లౌడుస్పీకర్లు పెట్టి చూస్తే ఆడకప్పలు "చక్" వున్న అరుపు వైపే ఎక్కువగా పోయాయి. మరి మగవి ఎప్పుడూ "చక్" అనవెందుకు? దీనికి జవాబు గబ్బిలం దగ్గర దొరికింది. ఆ అడవుల్లో కప్పల్ని తినే ఒక గబ్బిలం అరుపు విని వచ్చి కప్పను ఎత్తుకుపోతుంది. రయాన్, మెర్లిన్ టటిల్ కలిసి స్పీకర్లు పెడితే గబ్బిలాలూ "చక్" వైపే ఎక్కువగా మొగ్గాయి. 1982లో వాళ్ళు ఈ సంగతి ప్రకటించారు. గబ్బిలం తలమీద కనిపించగానే కప్పలు ఒక్కసారిగా నోళ్ళు మూసుకుంటాయి. అయినా ఉబ్బిన గొంతుసంచి వల్ల నీటిమీద పుట్టిన అలలు ఆ తర్వాత కూడా క్షణంపాటు వుంటాయి కదా! గబ్బిలం ఆ అలల్ని కూడా పసిగడుతుందని 2014లో తేల్చారు. ఇవి చాలవన్నట్టు రక్తం పీల్చే ఒక రకం దోమలు కూడా అరుపు వింటూ వచ్చి కప్ప ముక్కు మీద వాలతాయి.

అంటే అరవకపోతే వంశం లేదు, అరిస్తే ప్రాణం లేదు. పనామాలో గబ్బిలం చేసిన పనినే మన దేశంలో పెట్రోమాక్సు లైటు చేసింది.

పెట్రోమాక్సు కాలం

ఆ ఊళ్ళోనే నాటు పనికి వచ్చిన ఒక వ్యవసాయ కూలీ తల్లి మాతో అన్నది: "మా నాయన కప్పలు పట్టేటోడయ్యా. రాత్రిపూట లైటు, గోనెసంచి తీసుకుని పోయేవాడు. ఎక్కడ అరిస్తే అక్కడికి. లైటు కళ్ళలో పడితే కప్ప కదలదు, వంగి తీసుకోటమే. పొద్దున సంచులకి కొలిచి లెక్క కట్టేవోళ్ళు. చచ్చిన కప్పకి డబ్బులు లేవు. మా నాయనకొచ్చింది బియ్యానికే చాలేది కాదు."

ఆ కప్పలు ఎక్కడికి పోయాయో ఆమెకు అప్పట్లో తెలియదు. 1950ల నుంచి మన దేశం కప్పకాళ్ళను విదేశాలకు ఎగుమతి చేసింది. అమెరికా, ఫ్రాన్సు, బెల్జియం లాంటి దేశాల హోటళ్ళలో అవి ఖరీదైన వంటకం. కేరళ, బెంగాల్ ఈ వ్యాపారానికి పెద్ద కేంద్రాలు. 1981లో దేశం నుంచి పోయిన కప్పకాళ్ళు నాలుగు వేల టన్నులకు పైమాటే. కాళ్ళు మాత్రమే సుమా! కాళ్ళు కోసి మిగతా ఒళ్ళు పారేసేవాళ్ళు. చాలాచోట్ల కప్ప ప్రాణంతో వుండగానే నడుం దగ్గర కోసేవాళ్ళని అప్పట్లో చూసినవాళ్ళు రాశారు. నాలుగు వేల టన్నుల కాళ్ళకు ఎన్ని కోట్ల కప్పలు కావాలో పాఠకులే లెక్క వేసుకోవచ్చు. పట్టుకోవటానికి వీలైన కాలం తొలకరి, పట్టుకోవటానికి ఆనవాలు అరుపు. అంటే గుడ్లు పెట్టటానికి ముందే, పెళ్ళిపందిట్లోంచే ఎత్తుకుపోయారన్నమాట. విత్తనాల గాదె తెరిచి తినెయ్యటం లాంటిదిది.

హుమాయూన్ అబ్దులలీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఈ ఎగుమతి మీద 1985లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో పెద్ద వ్యాసమే రాశాడు. మన బోదురు కప్పనూ, దాని దగ్గరి చుట్టం ఆకుపచ్చ చెరువుకప్పనూ అదే సంవత్సరం అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందం కింద అదుపు జాబితాలో చేర్చారు. 1987లో భారత ప్రభుత్వం కప్పకాళ్ళ ఎగుమతిని నిషేధించింది. కప్పకాళ్ళు అమ్మి తెచ్చుకున్న డాలర్ల కంటే, కప్పలు లేక పెరిగిన పురుగుల కోసం మందులకు పెడుతున్న ఖర్చే ఎక్కువన్నది అప్పట్లో నిషేధం కోరినవాళ్ళు గట్టిగా చెప్పిన వాదన. ఆ వాదనలో బలం వుంది గాని, మేము దాన్ని పూర్తిగా నెత్తిన పెట్టుకోలేం. పురుగుమందుల వాడకం కప్పలు తగ్గినందువల్లనే పెరగలేదు. పొట్టి వంగడాలు, దట్టంగా వేసే యూరియా, అప్పు మీద మందు ఇచ్చే దుకాణదారు, వీటన్నిటి పాత్రా వుంది. కప్ప వుండి వుంటే ఈ మందులేవీ వచ్చేవి కావనటం అమాయకత్వం.

ఇంకొకటి. మన దగ్గర తలుపు మూసుకున్నాక వ్యాపారం చావలేదు, పక్కింటికి మారింది. కొంతకాలం బంగ్లాదేశ్ నుంచి, అక్కడా నిషేధం వచ్చాక ఇండోనీషియా నుంచి యూరప్ బల్లల మీదికి కాళ్ళు పోతున్నాయి. ఇప్పుడు అక్కడి వరిరైతు వాకిట్లో లైట్లు వెలుగుతున్నాయి.

నిషేధం వచ్చి నాలుగు దశాబ్దాలు కావస్తోంది. మరి ఆ ఊళ్ళో గొంతు ఎందుకు తిరిగి రాలేదు? ఈ ప్రశ్నకు ఒక్క జవాబు లేదు.

గుడ్డు చిరుకప్ప కావాలి, చిరుకప్పకు కాళ్ళు మొలిచి తోక పోవాలి. బోదురు కప్పకు దీనికి నెల పైచిలుకు నీళ్ళు నిలవాలి. పూర్వం ఊరి చుట్టూ వాననీటి పల్లాలు, మట్టి తీసిన గుంటలు, పాటి దిబ్బల పక్కన మడుగులు వుండేవి. పల్లాలు పూడ్చి ప్లాట్లు వేశారు. మిగిలిన లోతట్టు భూములు చేపల చెరువులయ్యాయి. నీళ్ళు పెరిగాయి కదా, కప్పకు మంచిదే కదా అనుకుంటాం. కాని చేప వున్నచోట గుడ్డూ చిరుకప్పా దక్కటం కష్టం. ఉప్పునీటి రొయ్యల చెరువైతే చెప్పనే అక్కర్లేదు. తొలకరి గుంట గొప్పతనమల్లా అది కొత్తగా నిండటమే. అందులో చేపలు వుండవు.

రెండోది మందు. దమ్ము చేసి నాటు వేసిన వారం లోపు మడిలో చల్లే కలుపుమందు బ్యూటాక్లోరును తైవాన్‌లో వరిమడి కప్ప పిల్లల మీద పరీక్షించారు. బతికే పిల్లల సంఖ్య పడిపోయింది. మనం ఆ మందు చల్లేది సరిగ్గా మడిలో చిరుకప్పలు తిరిగే రోజుల్లోనే. అప్పటి ఎండోసల్ఫాన్ కూడా చిరుకప్పలకు గొడ్డలిపెట్టే. 2011లో సుప్రీంకోర్టు దాన్ని ఆపింది.

అట్రజిన్ సంగతి మరీ చిత్రం. వరి కోసిన మడిలో దున్నకుండానే మొక్కజొన్న వేయటం కృష్ణా, గుంటూరు రైతులకు బాగా అలవాటయిన పని. ఆ మొక్కజొన్నలో కలుపుకు వాడే మందుల్లో అట్రజిన్ ముఖ్యమైనది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసే టైరోన్ హేస్ అనే శాస్త్రజ్ఞుడు ఆఫ్రికా గోళ్ళకప్పల్ని ఈ మందు అతి తక్కువగా కలిపిన నీళ్ళలో పెంచాడు. ఎంత తక్కువంటే, నూరు కోట్ల పాళ్ళ నీటికి ఒక పాలు. ఆ పాటి మందుకే మగకప్పల స్వరపేటిక చిక్కిపోయిందని 2002లో ప్రకటించాడు. కప్ప చావలేదు, గొంతు చిన్నదయింది! 2010లో మరో ఫలితం చెప్పాడు: అలా పెరిగిన మగకప్పల్లో పదింట ఒకటి ఏకంగా ఆడదిగా మారి గుడ్లు పెట్టింది. మందు తయారు చేసే కంపెనీ ఈ ఫలితాలను ఒప్పుకోలేదు, కంపెనీ సాయంతో జరిగిన పరీక్షల్లో ఆ ఫలితాలు రాలేదు. ఆ వివాదం చాలా ఏళ్ళు నడిచింది. యూరప్ దేశాల కూటమి 2004లో అట్రజిన్‌కు అనుమతి నిరాకరించింది గాని, అది కప్పల కోసం కాదు, భూగర్భ జలాల్లో దిగుతోందని. అయితే ఒక మాట అడగాలనిపిస్తుంది. కప్ప చచ్చిపడితే రైతు చూస్తాడు. గొంతు పోయిన కప్పను ఎవరు చూస్తారు?

మూడోది చప్పుడు. థాయ్‌లాండులో సన్, నారిన్స్ అనే ఇద్దరు కప్పల చెరువు దగ్గర మోటారు సైకిళ్ళ చప్పుడు వినిపించారు, నెత్తిమీద విమానాలు పోయినప్పుడు కూడా లెక్క రాసుకున్నారు. 2005లో వాళ్ళు చెప్పినది: కొన్ని జాతులు ఆ చప్పుడుకు అరుపు తగ్గించుకున్నాయి. మరో జాతి మాత్రం పక్కవాళ్ళు తగ్గగానే సందు దొరికిందని అరుపు పెంచింది. అంటే చప్పుడు అన్ని కప్పల్నీ ఒకేలా నోరు మూయించదు. ఎవరి గొంతు పైకి రావాలో, ఎవరిది అణగాలో మార్చేస్తుంది. మా రైతు ఇంటి ముందు లారీల రోడ్డు వుందన్న సంగతి ఇక్కడ గుర్తొచ్చింది.

ఎండలు ముదరటం కూడా గొంతు మీద కనిపిస్తోంది. అదే నారిన్స్ 1983లో ప్యూర్టో రికో కొండ మీద కోక్వీ గొంతులు రికార్డు చేశాడు, 2006లో మళ్ళీ అదే దారిలో పోయి రికార్డు చేశాడు. ఇరవై మూడేళ్ళలో ప్రతి ఎత్తులోనూ అరుపు కాస్త పొట్టిదయింది, శ్రుతి కాస్త పెరిగింది. ఇంతకీ ఆ కోక్వీ సొంత గడ్డ మీద జనానికి ప్రాణం, దాని బొమ్మ లేని చోటు లేదు. మొక్కల కుండీలతో పాటు అది హవాయి దీవులకు చేరితే అక్కడ ఇళ్ళూ హోటళ్ళూ వున్నవాళ్ళు నిద్ర పట్టటం లేదని, స్థలాల ధరలు పడిపోతున్నాయని దాన్ని చంపటానికి సున్నం, నిమ్మ ఉప్పు నీళ్ళు చల్లారు. మన బోదురు కప్ప కూడా ఎవరో అండమాన్ చేర్చారు. అక్కడ దాని చిరుకప్పలు స్థానిక కప్పల పిల్లల్ని తినేస్తున్నాయి, పెద్దవి కోడిపిల్లల్ని కూడా వదలటం లేదని అక్కడి రైతుల ఫిర్యాదు. ఏ కప్పయినా తన మడిలో వుంటేనే మిత్రుడు.

ప్రపంచం మొత్తం మీద కప్పలు, వాటి చుట్టాలైన ఉభయచరాల్లో వందకు నలభై జాతులకు ముప్పుందని 2023లో లెక్క తేల్చారు. పనామా కొండల్లో ఒక రకం బూజు తెగులు సోకి అడవులకడవులే నిశ్శబ్దమయ్యాయి. మన మడుల లెక్క ఎవరు తీస్తారు? దోమపోటు లెక్కలు తీసే శాఖలున్నాయి గాని బెకబెకలు లెక్క పెట్టే గుమాస్తా లేడు. రైతే తీసుకోవాలి. అదేమంత కష్టం కాదు. పెద్దవాన పడిన మొదటి నాలుగైదు రాత్రులు, చీకటి పడిన గంట తర్వాత, ఒకే గట్టు మీద పది నిమిషాలు నిలబడి ఎన్ని రకాల గొంతులు, రకానికి ఎన్ని అని రాసుకోవటం. సెల్‌ఫోనులో రికార్డు కూడా అవుతుంది. ఏటా అదే గట్టు మీద అదే పని చేస్తే ఐదేళ్ళలో ఏ గొంతు తగ్గిందో తెలుస్తుంది. వీలున్నవాళ్ళు తొలకరికి నిండిన ఒక మూలను నెల రోజులు మందు తగలకుండా, చేప వేయకుండా వదలొచ్చు. ఎకరం కౌలుకు ముప్పై బస్తాలు కొలిచేవాణ్ణి మూల వదలమనటం సులువు కాదని మాకు తెలుసు.

మళ్ళీ ఆ ఊరు వెళ్ళిన రాత్రి రైతుతో కలిసి బ్యాటరీ లైట్లు ఆర్పేసి పొలాల్లో తిరిగాం. కాల్వగట్టు మీద దువ్వెన గీసిన చప్పుడు వినిపించింది, ఒకటి కాదు, పదుల కొద్దీ. బోరు షెడ్డు దగ్గర చెట్టుకప్ప రెండు మూడు సార్లు టకటకమని ఆగిపోయింది. పెద్ద గొంతు మాత్రం ఎక్కడా లేదు. తిరిగి వద్దామనుకుంటుండగా ఊరికి ఉత్తరాన, పాత ఇటుకబట్టీ కోసం మట్టి తీసిన గుంట వైపు నుంచి వినిపించింది. ఆయన మా చెయ్యి పట్టుకుని ఆపాడు. గుంట అంచున కూర్చుని లెక్కపెట్టాం. మూడు గొంతులు. లారీ పోయినప్పుడల్లా ఆగుతున్నాయి, చప్పుడు దూరమయ్యాక ముందొకటి మొదలెడితే మిగతా రెండూ అందుకుంటున్నాయి.

"మూడున్నాయి," అన్నాడాయన, పిల్లాడిలా గుసగుసగా. కాసేపాగి, "ఈ గుంట మాది కాదండీ. ప్లాట్లకిచ్చేశారు. శుక్రవారం నుంచి మట్టి తోలతారంట," అన్నాడు.

మట్టి తోలించే ఆసామి ఇల్లు ఊళ్ళోనే. తెల్లారి పాలు పితికాక పోయి, ఒక్క నెల ఆగమని అడిగి చూస్తానన్నాడు.